విరాళాలతో ఫైర్‌ఫాక్స్ నడవదండీ

ఒకాయన "ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వాడేవాళ్లంతా తలా కాస్త విరాళం ఇస్తే దాన్ని తయారుచేసే మొజిల్లాకి గూగుల్ డబ్బు అక్కర్లేదు" అన్నారు. వినడానికి బాగానే ఉంది కానీ అక్కడే ఉంది తిరకాసు. మనమిచ్చే విరాళం వెళ్లేది మొజిల్లా ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థకి, ఫైర్‌ఫాక్స్ తయారుచేసేదేమో దాని కింద 2005లో పెట్టిన మొజిల్లా కార్పొరేషన్, ఆ కార్పొరేషన్‌ని పోషించేది సెర్చ్ ఒప్పందం, అంటే ఫైర్‌ఫాక్స్‌లో ఏది వెతికినా ముందుగా గూగుల్ వచ్చేలా పెట్టినందుకు గూగుల్ ఇచ్చే డబ్బు. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో ఏదైనా టైప్ చేసి ఎంటర్ కొట్టండి, గూగుల్ పేజీ వచ్చాక పైన లింకులో క్లయింట్ అన్న మాట పక్కనే ఫైర్‌ఫాక్స్ పేరు కనిపిస్తుంది. ఆ సెర్చ్ ఎవరి పుణ్యమా అని వచ్చిందో గూగుల్‌కి చెప్పే గుర్తు అదే.

2025 మేలో గూగుల్ గుత్తాధిపత్యం కేసు విచారణలో అమెరికా కోర్టులో మొజిల్లా ఆర్థికాధికారే చెప్పారు, మొత్తం ఆదాయంలో దాదాపు 90 శాతం ఫైర్‌ఫాక్స్‌ది, అందులో 85 శాతం దాకా గూగుల్ ఇచ్చేదేనని. అంటే గూగుల్ గుత్తాధిపత్యం మీద కేసు వేస్తే ముందు టెన్షన్ పట్టుకుంది గూగుల్ బ్రౌజర్ క్రోమ్‌కి పోటీ ఇచ్చేవాళ్లకి! సెప్టెంబర్‌లో ఆ కేసు జడ్జి అమిత్ మెహతా ఇంకెవరికీ చోటివ్వని తరహా ఒప్పందాలు వద్దన్నారు గానీ డబ్బివ్వడం ఆపమనలేదు, కాబట్టి ప్రస్తుతానికి గండం గడిచింది.

వేరే సెర్చ్ ఇంజన్‌తో కుదుర్చుకోవచ్చుగా అంటారా? 2014లో యాహూతో ఆ ముచ్చటా తీరింది, చాలామంది సెట్టింగ్స్‌లోకి వెళ్లి మళ్లీ గూగుల్ పెట్టుకున్నారు, 2017లో మొజిల్లా కూడా మళ్లీ గూగుల్ దగ్గరికే వెళ్లిపోయింది. విరాళాలతో నడిచేది చూడాలంటే మొజిల్లా వాళ్లదే ఈమెయిల్ యాప్ థండర్‌బర్డ్ ఉంది, కాకపోతే ఈమెయిల్ యాప్ ఖర్చెక్కడ, వెబ్ పేజీలను తెర మీద చూపించే సొంత బ్రౌజర్ ఇంజన్ ఖర్చెక్కడ.