గెట్ డౌన్ అంటే దిగమని కాదు

మొన్న మే నెలలో మా డెస్క్‌లో పనిచేసే మిత్రుడొకరు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని రిషికేశ్ వెళ్లి, గంగ ఒడ్డున శివపురి దగ్గర రాఫ్ట్ ఎక్కారు, అదే, గాలి నింపిన రబ్బరు పడవ. రాఫ్ట్‌లో ఎనిమిది మంది, అందులో ఆరుగురు తెలుగువాళ్లే. వీళ్లు నలుగురు, కర్నూలు నుంచి వచ్చిన భార్యాభర్తలు ఇద్దరు. గైడ్ గఢ్వాలీ కుర్రాడు, పాతికేళ్లు కూడా ఉండవు. ఒడ్డున అందరినీ నిలబెట్టి హిందీలో, మధ్యమధ్య ఇంగ్లిష్ ముక్కలు కలుపుతూ ఐదు నిమిషాల్లో గడగడా చెప్పేశాడు. ఫార్వర్డ్ అంటే ఇలా, బ్యాక్ అంటే ఇలా, స్టాప్ అంటే పాడిల్ (తెడ్డు) ఎత్తెయ్యాలి, గెట్ డౌన్ అంటే ఇదీ... అర్థమైందా? అందరూ తలలూపారు. తలూపడానికి డబ్బులేం కట్టక్కర్లేదు కదా.

గంట తర్వాత రోలర్ కోస్టర్ అని పేరున్న ర్యాపిడ్ వచ్చింది. ముందు ఇంటి గోడంత అల. గైడ్ వెనక నుంచి ‘గెట్ డౌన్, గెట్ డౌన్’ అని గొంతు చించుకుంటున్నాడు. కర్నూలు పెద్దాయన లేచి నిలబడ్డాడు. దిగమంటున్నాడనుకున్నాడు! ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు, మనం బస్సు గెట్ డౌన్ అవుతాం, రైలు గెట్ డౌన్ అవుతాం, ఆటోవాడికి ‘ఇక్కడే గెట్ డౌన్ అవుతా’ అని చెప్తాం. రాఫ్ట్‌లో ఆ మాటకు అర్థం వేరు. అంచు మీద కూర్చున్నవాళ్లు గబుక్కున లోపలికి జారి, అడుగున చతికిలబడి, తాడు పట్టుకోవాలి. వెనకనున్న మా మిత్రుడు ఆయన జాకెట్ భుజం పట్టుకుని లాగితే లోపలికే పడ్డాడు, హెల్మెట్ హెల్మెట్ ఠక్కున కొట్టుకుంది, అంతకుమించి ఏం కాలేదు. ఒడ్డుకొచ్చాక అందరూ పడీపడీ నవ్వుకున్నారట.

మా ఆఫీసులోనూ మొదట నవ్వాం. తర్వాత నవ్వు ఆగింది. ఆయన బయటివైపు పడి ఉంటే?

కొండల్లో నది ఇరుకై, నేల వాలు పెరిగి, అడుగున బండరాళ్లు అడ్డుపడితే నీళ్లు తెల్లగా నురగలు కక్కుతాయి. దాన్నే ర్యాపిడ్ అంటారు. కష్టాన్ని బట్టి ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడ్లు పెడతారు, ఒకటి పిల్లకాలువ, ఆరు అంటే ప్రాణాల మీద ఆశ వదులుకున్నవాళ్ల వ్యవహారం. మన ప్యాకేజీల్లో ఎక్కువగా ఉండేవి రెండు, మూడు, అక్కడక్కడా నాలుగు. నీటి వడి రెట్టింపైతే అది మనిషిని తోసే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మోకాళ్ల లోతు నీళ్లే కదా అని నిలబడబోయినవాడి పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే నీరు ఒళ్లంతా ముందుకి వంచేస్తుంది, మళ్లీ లేవనివ్వదు. అందుకే నీళ్లలో పడితే వెల్లకిలా తేలాలి, కాళ్లు ముందుకి చాపి, కాలి వేళ్లు నీటి పైకి కనిపించేలా పెట్టుకోవాలి, నిలబడే ప్రయత్నం అసలు చెయ్యకూడదు. పంట కాలువలో ఈత నేర్చుకున్నవాడికి మొదట పుట్టే బుద్ధి కాలు నేలకి ఆనుతుందేమో చూడటం. అంటే మన ఊరి ఈత అక్కడ మనకే ఎదురు తిరుగుతుంది. ఈ ఒక్క ముక్క తెలుగులో చెప్పేవాడు గంగ ఒడ్డున ఎంతమంది ఉంటారంటారు?

వెళ్లొద్దని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. వెళ్లండి. శివపురి నుంచి రిషికేశ్ దాకా పదహారు కిలోమీటర్లు గంగ మీద కొట్టుకుపోవడంలో ఉన్న ఆనందం ఇంకెక్కడా దొరకదు. మే నెల ఎండలో కూడా ఒంటి మీద పడగానే ఊపిరి బిగపట్టించే చల్లటి నీళ్లు, మంచు కరిగి వచ్చిన నీళ్లు అవి. ర్యాపిడ్ దాటాక నది ఉన్నట్టుండి నిమ్మళించి, పక్కన కొండ మీద కోతుల అరుపులు కూడా వినపడేంత నిశ్శబ్దం అయిపోతుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజుకి రెండు గంటలు గడిపేవాడికి అది మందులా పనిచేస్తుంది, కాదనలేం. గంగలో మూడు మునకలు వేసి సీసాలో నీళ్లు పట్టుకొచ్చే అమ్మమ్మల తరం పోయి, అదే గంగ మీద పాడిల్ వేసే మనవరాళ్ల తరం వచ్చింది, సంతోషమే. మరోపక్క ‘గంగపాలు’ అన్న మాట మన భాషలో ఊరికే పుట్టలేదని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో సంగతి. అడవి నది, కొండ నది అని మనం పాటలు పాడుకుంటాం గానీ ఇవాళ మనం రాఫ్టింగ్ చేసే నదుల్లో చాలా వాటికి పైన ఎక్కడో ఒక స్విచ్ ఉంది. దేవప్రయాగలో అలకనందతో కలిసి గంగ అయ్యే భాగీరథి, అక్కడికి రాకముందే 260 మీటర్ల ఎత్తున్న టెహ్రీ డ్యామ్ దాటి, దాని కింద కోటేశ్వర్ డ్యామ్ కూడా దాటి వస్తుంది. మహారాష్ట్రలో కోలాడ్ దగ్గర కుండలికా నది అయితే మరీను, పొద్దున్నే భీరా జలవిద్యుత్ కేంద్రం నుంచి నీళ్లు వదిలితేనే అక్కడ రాఫ్టింగ్, లేకపోతే రాళ్లు లెక్కపెట్టుకోవాల్సిందే. మన హైదరాబాద్ కుర్రాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే చాలు పరుగెత్తే కర్ణాటకలోని దాండేలిలో కాళీ నదికి సూపా డ్యామ్ ఉంది. నీళ్లు ఎప్పుడు వస్తాయో, ఎంత వస్తాయో తెలిసినవాళ్లు ఎక్కడో కంట్రోల్ రూములో ఉంటారు. నీళ్లలో ఉన్నవాడికి మాత్రం ఆ కబురు అందితే అందినట్టు, లేకపోతే లేనట్టు.

అందకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 జూన్ 8. తెలంగాణ ఏర్పడి వారం కూడా కాలేదు. హైదరాబాద్ నుంచి టూర్‌కి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు మనాలి దారిలో, హిమాచల్ ప్రదేశ్ మండీ జిల్లాలో, సాయంత్రం పూట బస్సు ఆపించి బియాస్ నదిలోకి దిగారు. వాళ్లు రాఫ్టింగ్‌కి కూడా రాలేదు, రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పైన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు. విద్యుత్ ఉత్పత్తి తగ్గించడంతో జలాశయంలో నీరు పెరిగింది, గేట్లు ఎత్తేశారు. నిమిషాల్లో నది నిండిపోయింది. ఆ రాళ్ల మీద చేతులు చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లల వీడియో చూసినవాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. 24 మంది విద్యార్థులు, వాళ్లతో వచ్చిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. మృతదేహాల కోసం వారాల తరబడి వెతికారు. 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇవ్వమంది, అందులో విద్యుత్ బోర్డుతో పాటు కళాశాలకీ, రాష్ట్ర ప్రభుత్వానికీ వాటా వేసింది. ఆ వాటా వెయ్యడాన్ని మేం ముఖ్యంగా గుర్తుచేస్తున్నాం. పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లకి కూడా ఆ నది ఎలాంటిదో కనుక్కోవాల్సిన పని ఉందని కోర్టే చెప్పినట్టయింది.

బయటి రాష్ట్రాలవాళ్లని అనేముందు మన గోదావరి సంగతి చూసుకుందాం. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు బయల్దేరిన టూరిస్టు బోటు కచ్చులూరు దగ్గర మునిగింది, యాభై మంది దాకా పోయారు. గోదావరి అప్పుడు లక్షల క్యూసెక్కుల వరదతో ఉంది. ఆ మలుపులో నీళ్లు ఎలా తిరుగుతాయో గట్టు మీద ఊళ్లవాళ్లకి తెలుసు. ఐదు వారాల తర్వాత కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో ఆ బోటుని పైకి లాగేదాకా టీవీల ముందు కూర్చున్న రాష్ట్రం మనది. లైఫ్ జాకెట్ ఎవరికి ఉంది, ఎవరు వేసుకున్నారు, ఉక్కగా ఉందని ఎవరు విప్పేశారు అన్న చర్చ నెలరోజులు నడిచింది. తర్వాత చల్లారిపోయింది.

జాకెట్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాం. వేసుకోవడం ఒకటి, బిగించుకోవడం ఒకటి. జాకెట్ వేసుకున్నాక పక్కవాడిని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది జారి చెవుల దాకా వచ్చిందంటే నీళ్లలో జాకెట్ తేలుతుంది, మీరు దాని కింద ఉంటారు. పక్క బకిళ్లు అన్నీ పెట్టుకుని, పట్టీలు ఇంకో రెండు గుంజులు గుంజాలి. ఫొటోలో లావుగా కనిపిస్తామని వదులు చేసుకునేవాళ్లు ఉన్నారు, మేం కళ్లారా చూశాం. ఇక పాడిల్ పైన టీ ఆకారంలో పిడి ఉంటుంది, అరచేతిలో దాన్ని ఎప్పుడూ మూసే ఉంచాలి. వదిలేస్తే అల తగిలినప్పుడు అది పోయి తగిలేది పక్కవాడి పళ్లకే. నదిలో దెబ్బలన్నీ నది వల్లే తగలవు, సగం మన పాడిళ్ల వల్లే తగులుతాయని గైడ్లు నవ్వుతూ అంటుంటారు.

ఎక్కేముందు ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. గుండె జబ్బు ఉందా, ఆపరేషన్ అయిందా, గర్భిణులా అని అందులో ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టడం మనకి బ్యాంకు లోన్ల దగ్గర్నుంచీ అలవాటే. ఈ ఒక్కచోట అబద్ధం ఆడితే మాత్రం వడ్డీతో సహా కట్టేది మనమే. రిషికేశ్‌లో పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని ఎక్కించకూడదు, ‘మా వాడికి పన్నెండే గానీ బాగా ఎత్తుగా ఉంటాడు’ అని బేరమాడే తల్లిదండ్రులు ఏ రాష్ట్రం వాళ్లో మేం చెప్పం.

2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు రాఫ్టింగ్‌ని ఒక్కసారిగా ఆపేసింది, సరైన నియమాలు తెచ్చేదాకా నడపొద్దంది. గైడ్లు, జీపు డ్రైవర్లు, ఒడ్డున టీ, మ్యాగీ అమ్ముకునేవాళ్లు అందరూ లబోదిబోమన్నారు. తర్వాత మళ్లీ తెరుచుకుంది. వానాకాలంలో, జులై ఆగస్టుల్లో, నది పొంగుతుంది కాబట్టి ఎలాగూ బంద్. అంటే గైడ్ కుర్రాడి సంపాదన అంతా మిగతా నెలల్లోనే. సీజన్‌లో శని ఆదివారాలు ఒక్కో గైడ్ రోజుకి ఎన్ని ట్రిప్పులు వేస్తాడో మీరే అడిగి చూడండి. మూడో ట్రిప్పు గైడ్ మొదటి ట్రిప్పు గైడ్‌లా ఐదు నిమిషాలు చెప్పడు, రెండు నిమిషాల్లో ముగిస్తాడు. ట్రిప్పు అయ్యాక మనవాళ్లు వందరూపాయల టిప్పుకి కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

మేం అడిగేది పెద్దదేం కాదు. తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలు రెండూ కలిసి మూడు నిమిషాల వీడియో ఒకటి తెలుగులో చేయించొచ్చు. గైడ్ అరిచే నాలుగు మాటలు, పడితే ఎలా తేలాలి, జాకెట్ ఎలా బిగించాలి, అంతే. వేసవి ప్యాకేజీ అమ్మే ప్రతి ట్రావెల్ ఏజెంటూ బస్సులో దాన్ని వెయ్యాలి. రాత్రంతా మూడు సినిమాలు వేస్తారు కదా, మధ్యలో మూడు నిమిషాలు ఇదీ వెయ్యండి. కళాశాలలు టూర్‌కి అనుమతిచ్చేముందు దారిలో ఏయే నదులు ఉన్నాయో, వాటి మీద ఏ డ్యాములు ఉన్నాయో, ఎక్కడ దిగకూడదో రాసి తల్లిదండ్రుల చేతుల్లో పెట్టాలి. డ్యాము నడిపేవాళ్లు ఇవాళ ఎన్ని గంటలకి నీళ్లు వదులుతారో రాఫ్ట్‌లు బయల్దేరే చోట, జనం దిగే రేవుల దగ్గర బోర్డు మీద రాసిపెట్టాలి. సైరన్ ఒక్కటే చాలదు. కొత్త ఊళ్లో సైరన్ వినపడితే అది ఫ్యాక్టరీదో పోలీసులదో అనుకుంటాం గానీ నీళ్లు వస్తున్నాయని మనలో ఎవరికి తడుతుంది?

మళ్లీ ఆ శివపురి రాఫ్ట్ దగ్గరికి వస్తే, రిషికేశ్‌లో దిగాక ఆ గైడ్ కుర్రాడు ఊరుకోలేదట. గెట్ డౌన్‌ని తెలుగులో ఏమంటారని అడిగాడు. మావాళ్లు అక్కడే, తడిబట్టల్లో, పావుగంట వాదించుకున్నారు. ‘కూర్చో’ అని ఒకరు, ఆల్రెడీ కూర్చునే ఉన్నాం కదండీ అని ఇంకొకరు. ‘వంగు’ అంటే ముందుకి వంగి నీళ్లలో పడతారని మా మిత్రుడి భార్య. ‘లోపలికి’ అనమని చివరికి కర్నూలు పెద్దాయనే తేల్చాడు. కుర్రాడు రెండుమూడు సార్లు పలికి చూసుకున్నాడు, ‘ళ’ అన్నాడో ‘ల’ అన్నాడో గానీ అర్థమయ్యేలాగే ఉందట. ఫోన్ తీసి హిందీ అక్షరాల్లో రాసుకుని, రాఫ్ట్ ఎక్కించిన జీపు హారన్ కొడుతుంటే పరుగెత్తాడు. మధ్యాహ్నం ఇంకో ట్రిప్పు ఉందట, అందులోనూ హైదరాబాద్ వాళ్లే.