గుట్ట పచ్చబడింది, గడ్డి ఏది?

గని భూమి పునరుద్ధరణ అనగానే పత్రికల్లో వచ్చే ఫొటో ఒకటే. బొగ్గు కోసం ఎత్తిపోసిన మట్టి, రాళ్ల గుట్ట (ఓబీ గుట్ట) మీద వరుసగా గుంతలు, గుంతకొక మొక్క, పక్కన బిందెతో ఒక అధికారి. ఎన్ని లక్షల మొక్కలు నాటారో కింద రాసి ఉంటుంది. ఆ నేలలో మేక మేయగలదా అని ఆ పత్రికల్లో అడిగినవారు లేరు.

ఆ ప్రశ్న నా సొంతం కాదు, సుప్రీంకోర్టుదే. గని తవ్విన నేలలో తిరిగి గడ్డి పెంచాలని, పశువుల మేతకు, మొక్కలకు, జీవజాలానికి పనికొచ్చే స్థితికి దాన్ని తేవాలని, ఖర్చంతా లీజుదారే భరించాలని 2020 జనవరి 8న ఆదేశించింది. న్యాయమూర్తుల నోట మొదట వచ్చిన మాట గడ్డి. అమలుకు వచ్చేసరికి అది నీలగిరి మొక్కగా మారిపోయింది!

ఎందుకు మారిందో తెలియాలంటే గుట్ట ఎక్కాలి. సింగరేణి 2023-24లో తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. అందులో చాలా భాగం నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనులదే. టన్ను బొగ్గు కోసం ఐదారు ఘనపు మీటర్ల మట్టి, రాయి ఎత్తిపోయాలి. తవ్వేటప్పుడు ముందు లేచేది పైమట్టి, ఆఖరున లేచేది బొగ్గు పొరల నడుమ పాతిక కోట్ల ఏళ్లకు పైగా నిద్రపోయిన ఇసుకరాయి. పైమట్టిని విడిగా దాచి చివర్లో పైన పరవాలని పర్యావరణ అనుమతుల్లో షరతు ఉంది. దాచకపోతే భూమి బోర్లపడినట్టే. గుప్పెడు మట్టి తీసి చూడండి: బూడిదరంగు ఇసుక, పెళుసు రాతిముక్కలు, ఒక్క వానపాము ఉండదు. వాన పడితే గుట్ట ఒంటినిండా చారలు, వేసవిలో కాలు మోపలేని సెగ.

అక్కడ బతికేవి నీలగిరి, సుబాబుల్, సర్కారు తుమ్మ. నీలగిరి తోపులో నడిస్తే కాలి కింద ఎండాకు కరకరలాడుతుంది, ఆకు కింద పచ్చిక ఉండదు. కోల్ ఇండియా గనుల్లో పునరుద్ధరణను ఉపగ్రహ చిత్రాలతో కొలుస్తున్నారు. అంత ఎత్తు నుంచి నీలగిరీ పచ్చనే, ఇప్పచెట్టూ పచ్చనే. తేడా తెలిసేది మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపూలు ఏరుకునే కోయ ఇల్లాలికి.

బోడి గుట్ట కన్నా నీలగిరి నయం కదా అంటారు. దుమ్ము తగ్గుతుంది, వాలు జారదు, ఆ రాతిమట్టిలో ఇంకేదీ త్వరగా పట్టుకోదు. ఒప్పుకుంటాను. అయితే అది గాయానికి కట్టిన కట్టు మాత్రమే. మానిన ఒళ్లు అని దానికి ధ్రువపత్రం ఇస్తేనే నా పేచీ.

అసలు పేచీ చెట్టుది కూడా కాదు, నేలది. కౌలుకు తీసుకున్న రైతు కోత కాగానే చేను అప్పగిస్తాడు. బొగ్గు కోత ముగిశాక ఎవరు ఎవరికి అప్పగిస్తున్నారు? బొగ్గు భూముల చట్టం కింద సేకరించి, తవ్వకం పూర్తయిన భూములను ఏం చేయాలో 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక విధానం తెచ్చింది. బొగ్గు కడిగే వాషరీలకు, విద్యుత్ ప్రాజెక్టులకు, సౌర పలకలకు, పునరావాసానికి కూడా అందులో చోటుంది. సాగుకు, మేతకు లేదు. యాజమాన్యం ప్రభుత్వ కంపెనీల దగ్గరే ఉంటుంది. గనిలో బొగ్గు ముప్పై ఏళ్లలో అయిపోతుంది, సేకరణ మాత్రం అయిపోదు. గనులనే ఏముంది, ఓడరేవుకో సెజ్‌కో పోయిన పొలం వెనక్కి వచ్చిన ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని?

బొర్రా గుహల దగ్గరి గనుల మీద సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997లోనే ఒక గీత గీసింది. ఏజెన్సీలో తవ్వేవారు నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అవసరాలకు శాశ్వత నిధిగా పెట్టాలంది. అడవిని తిరిగి పెంచే ఖర్చు దీనికి అదనం. అంటే చెట్టు లెక్క వేరు, మనిషి లెక్క వేరు. మనం రెండూ కలిపేసి మొక్కల లెక్క ఒక్కటే చెబుతున్నాం.

గని మూసివేత పత్రంపై ఇంజినీరు సంతకం పక్కన గ్రామసభ సంతకం కూడా ఉండాలి. ఆ సభకు పెద్ద పరీక్షలు తెలియనక్కర్లేదు. పొద్దున్నే ఒక మేకల మందను గుట్ట ఎక్కించి, సాయంత్రం అది ఏ కడుపుతో దిగిందో చూసి సంతకం పెట్టాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు.