ఒమాహా నీలి చుక్క ఎవరి చలవ?

2024 అధ్యక్ష ఎన్నికల ముందు అమెరికాలోని ఒమాహాలో చాలా ఇళ్ల ముందు ఒక బోర్డు కనిపించింది. తెల్లటి అట్ట మీద గుండ్రటి నీలం చుక్క, అంతే. పేరు లేదు, నినాదం లేదు. మనకు ఎరుపంటే కమ్యూనిస్టులు గుర్తొస్తారు గానీ అక్కడ అది రిపబ్లికన్ల రంగు, నీలం డెమోక్రాట్లది. 1964 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద ఏ డెమోక్రాట్‌నూ గెలిపించని నెబ్రాస్కాలో, మా ఊరు వేరు అని చెప్పుకోవడమన్నమాట.

వేరే రాష్ట్రంలోనైతే ఆ చుక్కకు విలువుండదు. దాదాపు అంతటా రాష్ట్రంలో గెలిచినవారికే ఎలక్టోరల్ ఓట్లన్నీ, అంటే అధ్యక్షుణ్ని తేల్చే ఆ రాష్ట్ర ఓట్లన్నీ పోతాయి. నెబ్రాస్కా, మెయిన్ మాత్రం కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) నియోజకవర్గానికో ఓటు విడిగా ఇస్తాయి. అలా ఒమాహా ఉన్న రెండో నియోజకవర్గం 2008లో ఒబామాకు దక్కింది. 2012లో రోమ్నీకి, 2016లో ట్రంప్‌కు వెళ్లి, 2020లో బైడెన్‌కు, 2024లో హారిస్‌కు వచ్చింది.

దీన్ని చూసి ఒమాహాను డెమోక్రాట్ల కోట అనేస్తే పొరపాటే. బైడెన్‌ను, హారిస్‌ను గెలిపించిన ఆ రెండుసార్లూ ఇదే నియోజకవర్గం కాంగ్రెస్‌కు పంపింది రిపబ్లికన్ డాన్ బేకన్‌ను! మన భాషలో చెప్పాలంటే క్రాస్ ఓటింగ్. నల్లజాతివారు ఎక్కువగా ఉండే ఉత్తర ఒమాహా, మాంసం ప్యాకింగ్ పరిశ్రమ చుట్టూ లాటినోలు స్థిరపడిన దక్షిణ ఒమాహా డెమోక్రాట్ల వైపే మొగ్గుతాయి. లెక్క తేలేది పడమటి శివారు కాలనీల్లో. అక్కడివాళ్లలో కొందరికి ట్రంప్ అంటే పడలేదు తప్ప, రిపబ్లికన్ పార్టీ మీద కోపం లేదని నా అంచనా. బేకన్ వాయుసేనలో బ్రిగేడియర్ జనరల్‌గా చేసిన మనిషి. 2021లో బైడెన్ మౌలిక వసతుల బిల్లుకు ఓటేసిన 13 మంది రిపబ్లికన్ సభ్యుల్లో ఆయనొకరు. అలాంటి మనిషి వాళ్లకు నచ్చాడు.

నగరపాలనలోనూ ఇదే తీరు. మేయర్‌గా రిపబ్లికన్ జీన్ స్టోథర్ట్‌ను వరుసగా మూడుసార్లు గెలిపించి, 2025లో డెమోక్రాట్ జాన్ ఎవింగ్‌ను ఎన్నుకున్నారు.

అసలు 2024లో ఆ చుక్క మిగలడమే గొప్ప. ఎలక్టోరల్ ఓట్లన్నీ రాష్ట్రంలో గెలిచినవారికే పోయేలా పద్ధతి మార్చేయమని ట్రంప్ వర్గం రాష్ట్ర చట్టసభ మీద గట్టిగా ఒత్తిడి తెచ్చింది. అడ్డుపడింది ఆ చట్టసభలోని ఒమాహా సెనేటర్ మైక్ మెక్‌డొనెల్. అంతకు కొన్ని నెలల ముందే డెమోక్రాట్లను వదిలి రిపబ్లికన్లలో చేరిన మనిషి! మరుసటి ఏడాది ఆయన మేయర్ పదవికి నిలబడితే ఒమాహా ఓటర్లు ప్రైమరీలోనే, అంటే తొలి విడత పోలింగ్‌లోనే ఇంటికి పంపారు.