వేపర్ ఫేజ్‌లో పెడితే కనెక్టర్ పాడవుతుందా?

"వేపర్ ఫేజ్ సోల్డరింగ్ కాలం చెల్లింది. వందల పిన్నులున్న కనెక్టర్‌ని అందులో పెడితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పక్కనున్న చిన్న భాగాలు లేచి నిలబడతాయి, సోల్డర్ పిన్నెక్కుతుంది. పైగా ఓజోన్ పొరకు చేటు." సర్క్యూట్ బోర్డుల పనిలో ఉన్నవాళ్లు తరచూ అనే మాటే ఇది. వేపర్ ఫేజ్ అంటే మరిగే ద్రవం ఆవిరి వేడితో సోల్డర్‌ని, అంటే భాగాల్ని బోర్డుకు అతికించే లోహాన్ని, కరిగించే పద్ధతి. ఈ నాలుగింటిలో ఒక్కదాని గురించే నిజంగా టెన్షన్ పడాలి.

ముందు ప్లాస్టిక్ సంగతి. తొట్టి అడుగున ద్రవం మరుగుతుంది, దాని పైన బరువైన ఆవిరి పొరలా నిలుస్తుంది. అందులోకి దింపిన చల్లటి బోర్డు మీద ఆవిరి ద్రవంగా మారుతూ తన వేడిని ఇచ్చేస్తుంది. ద్రవం 230 డిగ్రీల దగ్గర మరిగేదైతే బోర్డులో ఏ మూలా 230 దాటదు. హీటర్ పెంచితే ఆవిరి ఎక్కువ పుడుతుందంతే. సీసం లేని ఎస్‌ఏసీ305 సోల్డర్ 217 దగ్గరే కరగడం మొదలవుతుంది కాబట్టి అది సరిపోతుంది. వేడిగాలి ఓవెన్‌లో ఈ హద్దు లేదు. కనెక్టర్ నడిమి వరసలకు గాలి సరిగా అందదు. అవి కరిగేదాకా ఆగితే అంచు వరసలు, పక్కనున్న చిన్న భాగాలు అనవసరంగా మాడతాయి. నడిమి వరసకొకటి, అంచుకొకటి థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) అతికించి చూడండి. ఓవెన్‌లో రెండు ఉష్ణోగ్రత గీతలు దూరదూరంగా నడుస్తాయి. ఆవిరిలో కాస్త ముందూవెనకా వచ్చినా, చివరికి ఒకే మట్టం దగ్గర కలిసిపోతాయి. 260 డిగ్రీలు తట్టుకునేలా చేసిన ఎల్‌సీపీ ప్లాస్టిక్ హౌసింగ్‌కు (కనెక్టర్ పైతొడుగుకు) 230 ఒక లెక్కా! రీఫ్లోకి, అంటే ఇలా బోర్డంతా వేడిచేసి సోల్డర్ కరిగించడానికి, పనికిరాని ప్లాస్టిక్ అంటారా, అది ఓవెన్‌లోనూ బతకదు.

భాగాలు లేచి నిలబడటం 1970లలో వచ్చిన తొలితరం యంత్రాల జబ్బు. బోర్డుని ఒక్కసారిగా ఆవిరిలోకి తోసేవారు. ఇప్పుడు మెల్లగా, మెట్టుమెట్టుగా దింపుతారు.

ఓజోన్ ఆరోపణ కూడా అప్పటిదే. ఖరీదైన ద్రవం ఎగిరిపోకుండా పైన ఓజోన్‌ని దెబ్బతీసే సీఎఫ్‌సీ-113 అనే రసాయనం ఆవిరిని మూతలా వాడేవారు. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు వాడే పీఎఫ్‌పీఈ (పర్‌ఫ్లోరోపాలీఈథర్) ద్రవాల్లో క్లోరిన్ లేదు, ఓజోన్‌కు హాని లేదు. అలాగని అమాయకమైనవీ కావు. గాలిలో కలిస్తే చాలాకాలం ఉండిపోయి భూమిని వేడెక్కిస్తాయి. అందుకే యంత్రంలో ఆవిరిని మళ్లీ చల్లార్చి పట్టుకునే ఏర్పాటు ఉండాలి.

ఇక నిజమైనది, సోల్డర్ పిన్నెక్కడం. సన్నటి పిన్ను చిటికెలో వేడెక్కుతుంది. కింద రాగి పొరకు కలిసిన ప్యాడ్, అంటే బోర్డు మీద పిన్ను అతికే చోటు, వెనకబడుతుంది. కరిగిన సోల్డర్ వేడి ఎక్కువున్న వైపే పాకుతుంది. బంగారు పూత ఉన్న కాంటాక్ట్ భాగందాకా పోయిందంటే ఆ కనెక్టర్ చెత్తబుట్టకే. దీనికి మందు 150 డిగ్రీల చుట్టుపక్కల కాసేపు ఆపి, ప్యాడ్‌ని పిన్నుతో సమానంగా వేడెక్కనివ్వడం. కొనేటప్పుడు పిన్ను మధ్యలో సోల్డర్‌ని అడ్డుకునే నికెల్ పట్టీ ఉందో లేదో కూడా చూసుకోవాలి. మొదటి బోర్డు బయటికి రాగానే భూతద్దం కింద పిన్నుల నడుముల్నే చూడండి. వెండి మెరుపు ఆ పట్టీ దాటి పైకి పోయిందంటే, వేడెక్కించే వేగం ఇంకా తగ్గించాలి.