అడ్తి నిద్ర

నిద్ర పట్టకే గంజాయి పట్టానని మా హన్మకొండ వీధిలోని యువ పరిశోధకుడొకడు సెలవిచ్చాడు. సరదా కోసం కాదట, ఆరోగ్యం కోసమట. మేడ మీది అద్దె గదుల్లో అర్ధరాత్రి ఇంత నిస్వార్థమైన వైద్య పరిశోధన జరుగుతోందని తెలియక ఇన్నాళ్లూ ముక్కులు మూసుకున్నాం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా ఈ వైద్యాన్ని గుర్తించింది. సేవించినవారికి 6 నెలల వరకు ప్రభుత్వ ఖర్చుతో వసతి కల్పించవచ్చంది.

అతడు చెప్పింది అబద్ధం కాదు. గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ కొత్తలో త్వరగానే నిద్రపుచ్చుతుంది. ఎనుమాముల మార్కెట్లో రైతు పంట అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి, అదే అడ్తిదారు, ఇచ్చే అడ్వాన్సూ త్వరగానే చేతికొస్తుంది. మిర్చి బస్తా కాంటా ఎక్కిన రోజున కదా తరుగు సంగతి తెలిసేది! ఇక్కడ తరుగు కలల్లో తీస్తారు. పెద్దవాళ్ల నిద్రలో దాదాపు 20 నుంచి 25 శాతం, రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదిలే దశ. దాన్నే రెమ్ నిద్ర అంటారు. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. టీహెచ్‌సీ కోత పెట్టేదీ ఎక్కువగా దానికే. కలలు రావడం లేదని మనవాడు మురిసిపోయాడు. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాడికి అది లాభమేనని నేనూ ఒప్పుకున్నాను.

కొన్ని నెలలకు శరీరం అలవాటుపడి, పాత మోతాదుకు నిద్ర రావడం మానేసింది. అతడు మోతాదు పెంచాడు. మిర్చి ధర పడిపోయిందని మరో రెండెకరాలు కౌలుకు తీసుకున్నట్టు.

పోనీ మానేద్దామనుకున్నాడు. అసలు ప్రతిభ అక్కడే బయటపడింది. రెండో రోజుకే చిరాకు, ఆకలి లేకపోవడం, చెమటలు, వీటన్నిటికీ పెద్దన్నగా నిద్రలేమి. కాస్త కునుకు పడితే చాలు, ఇన్నాళ్లూ ఆపి ఉంచిన కలలన్నీ కాజీపేట జంక్షన్‌లో రైళ్లన్నీ ఒకే ప్లాట్‌ఫారం మీదికి వచ్చినట్టు వచ్చిపడ్డాయి. వైద్యులు దీన్ని రెమ్ రీబౌండ్ అంటారు. నిద్ర ఇబ్బంది కొందరికి వారాల తరబడి ఉంటుంది. మనవాడు నాలుగో తెల్లవారుజామున కేకపెట్టి లేచి, నేరుగా మా ఇంటికి వచ్చి పరిశోధన ఫలితం ప్రకటించాడు.

“చూశారా సార్, గంజాయి లేకపోతే నాకు నిద్ర పట్టదని రుజువైంది!”

రాత్రి ఫోను దూరంగా పెట్టి, రోజూ ఒకే వేళకు నిద్రలేచి చూడమన్నాను. అతడు నావంక జాలిగా చూశాడు.

“అలవాటు లేని వైద్యం సార్. దుష్ప్రభావాలు ఉంటాయేమో!”