అన్నం పెట్టని ఇల్లు, అందరికీ పెట్టే బడి

2022 మే నెలాఖరులో రెడిట్ అనే ఇంటర్నెట్ చర్చా వేదికలో ఎవరో ఒక ప్రశ్న వేశారు: వేరేవాళ్ల ఇంట్లో మీరు చూసిన వింత ఆచారం ఏమిటి? ఒకరు తన అనుభవం రాశారు. చిన్నప్పుడు స్వీడిష్ స్నేహితుడి ఇంట్లో ఆడుకుంటుంటే భోజనానికి పిలుపు వచ్చిందట. స్నేహితుడు ఇతన్ని గదిలోనే ఉండమని చెప్పి, తాను వెళ్లి తినేసి వచ్చాడట. అంతే, ప్రపంచమంతా స్వీడన్ మీద పడింది. ఆ గొడవకు 'స్వీడన్‌గేట్' అని పేరు కూడా పెట్టారు.

మనకైతే ఇది మింగుడుపడదు. పగవాడి కొడుకైనా సరే, భోజనాల వేళ గుమ్మంలో కనిపిస్తే కంచం పెడతాం. కానీ దీన్ని పిసినారితనం అనేస్తే అసలు సంగతి అర్థం కాదు.

స్వీడన్‌లో రాత్రి భోజనం సాయంత్రం ఐదారు గంటలకే. ఆ పిల్లాడి ఇంట్లోనూ అప్పటికి వాడి వాటా వండి ఉంటుంది. మనం కడుపు నింపి పంపితే వాళ్ల వంట వృథా. ఇది పైకి చెప్పే కారణం. లోపలి కారణం స్వీడిష్‌లో ఒక్క మాటలో ఉంది: 'తక్‌సామ్‌హెట్స్‌స్కుల్డ్', అంటే కృతజ్ఞత వల్ల మీద పడే రుణం. ఇందులోని 'స్కుల్డ్'కు అప్పు అనీ, తప్పు అనీ రెండు అర్థాలున్నాయి. అడగకుండా అన్నం పెడితే అవతలి తల్లిదండ్రుల నెత్తిన అప్పు పెట్టినట్టే. పైగా మీ పిల్లాడికి మీరు పెట్టుకోలేరు అన్నట్టు కూడా ధ్వనిస్తుంది.

ఈ భయం ఒక్క వంటింటిదే కాదు. హోటల్లో నలుగురు కలిసి తిన్నా, 'స్విష్' యాప్‌లో ఎవరి క్రోనాలు వాళ్లు పంపేస్తారు. ఒకసారి భోజనానికి పిలిచినవాళ్లు మళ్లీ కనబడితే మొదటి మాట 'తక్ ఫోర్ సెనస్ట్', అంటే 'మొన్నటి ఆతిథ్యానికి థాంక్స్'. అపార్ట్‌మెంట్లలో అందరికీ కలిపి ఒకే లాండ్రీ గది ఉంటుంది, వంతు ముందే బుక్ చేసుకోవాలి. డ్రయ్యర్ జల్లెడలో నూలు పీచు వదిలేసి వెళ్లారా, గోడ మీద పేరులేని చీటీ ప్రత్యక్షం! ఎదురుపడి గొడవపడేకంటే చీటీ రాయడమే వాళ్లకు సుఖం. మన మొహమాటానికి ఇది దూరపు చుట్టమేమో.

మరి మనిషికి మనిషి రుణపడకుండా బతకడం ఎలా? ప్రభుత్వానికి పన్ను కట్టి. చరిత్రకారుడు లార్స్ ట్రెగోర్డ్ ఈ ఏర్పాటును 'రాజ్య వ్యక్తివాదం' అంటారు, అంటే రాజ్యం అండతో ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడటం. 1971 నుంచి భార్యాభర్తల జీతాలకు విడివిడిగా పన్ను వేస్తున్నారు. 1974లో ప్రసూతి సెలవును తండ్రికీ వర్తించే పేరెంటల్ సెలవుగా మార్చారు. ఇప్పుడది బిడ్డకు 480 రోజులు, అందులో తల్లికీ తండ్రికీ చెరో 90 రోజులు ఒకరివి ఇంకొకరికి బదిలీ కావు. కాలేజీ విద్యార్థికి సాయం ఇచ్చేటప్పుడు తండ్రి సంపాదన చూడరు. ముసలి తల్లిదండ్రుల సంరక్షణ బాధ్యత చట్టం ప్రకారం మునిసిపాలిటీది, పిల్లలది కాదు. మనమేమో అదే బాధ్యతను పిల్లల మీద పెడుతూ 2007లో చట్టం చేసుకున్నాం.

పక్కింటి పిల్లాణ్ని గదిలో కూర్చోబెట్టిన ఆ దేశమే ప్రతి పిల్లాడికీ బడిలో మధ్యాహ్నం వేడి భోజనం ఉచితంగా పెడుతోంది. పేదా గొప్పా తేడా లేదు, ప్రైవేటు యాజమాన్యాల బడులకూ మినహాయింపు లేదు. మన మధ్యాహ్న భోజనం ప్రైవేటు బడి గేటు దాటదు. స్వీడన్ బడి కంచంలోని అన్నానికి ఏ పిల్లాడూ ఎవరికీ రుణపడడు. నాకు ఇందులో నచ్చేది ఇదే.

మనం లెక్కలు చూడమా? పెళ్లిలో చదివింపులు రాయడానికి ఒక మనిషిని పుస్తకంతో కూర్చోబెడతాం. వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ పుస్తకం తిరగేస్తాం. పక్కింటివాళ్లు పులిహోర పంపిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపం. మనం రుణాన్ని తీర్చేయకుండా తిప్పుతూ ఉంటాం, ఆ తిప్పడమే చుట్టరికం. స్వీడన్‌వాళ్లు అక్కడికక్కడే తెంపేస్తారు.

తెంపుకున్నందుకు మూల్యం ఉంది. ఒక్కరే ఉండే ఇళ్లు యూరప్‌లో బాగా ఎక్కువున్న దేశాల్లో స్వీడన్ ఒకటి. ఉద్యోగానికి స్టాక్‌హోమ్ వెళ్లిన మనవాళ్లకు ఆఫీసులో 'ఫీకా' కాఫీ కబుర్లు త్వరగానే అలవాటవుతాయి. ఆ కబుర్లు ఇంటి గుమ్మం దాకా రావడానికే ఏళ్లు పడుతుంది. సాయంత్రం పూట చెప్పకుండా ఎవరి తలుపూ తట్టలేని ఊళ్లో నేనైతే ఎక్కువకాలం ఉండలేను.

స్వీడన్‌గేట్ సమయంలో చాలామంది స్వీడిష్‌లు ఇది తమ చిన్నప్పటి ముచ్చట అన్నారు, ఇప్పుడు తగ్గిందన్నారు. పిల్లాడి అమ్మకు ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది: 'ఇక్కడే తినేయమనమంటారా?' ఆవిడ సరే అంటే కంచం వస్తుంది.