నా గాలి తీసిన టైర్ ప్రెషర్ సెన్సార్ గారికి

మహారాజశ్రీ టైర్ ప్రెషర్ సెన్సార్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద. మీరు ముందు చక్రం లోపల, చీకట్లో, గాలి ఒత్తిడి కొలుస్తూ, ఎవరి కంటా పడకుండా కుశలంగానే ఉండి ఉంటారు. నేను లేను. నిన్న రాత్రి రెండో స్థానంలో పడుకుని ఈ పొద్దున పద్నాలుగో స్థానంలో లేచాను.

ఖతార్‌లోని లుసైల్‌లో జరిగిన మోటోజీపీ బైక్ రేసు సంగతి మీకు చెప్పేంతటివాణ్ణి కాను, లెక్క రాసిందే తమరు. కానీ మీకు కళ్ళు లేవు కదా, అందుకని మీరు చూడలేకపోయింది చెప్తాను. మావెరిక్ విన్యాలెస్, నా అభిమాన రైడర్. సుజుకి బండి మీద గెలిచాడు, యమహా మీద గెలిచాడు, అప్రిలియా మీద గెలిచాడు, ఈ 2025లో కేటీఎం ఎక్కాడు. ఎక్కాక మొదటి మూడు రేసుల్లో మావాడి పేరు కోసం స్క్రీన్ మీద కిందికి, ఇంకా కిందికి వెతుక్కోవాల్సి వచ్చింది. వాట్సాప్ గ్రూపులో అందరూ నన్ను పరామర్శించడం మొదలుపెట్టారు. అలాంటివాడు నిన్న ఒక్కొక్కణ్ణే దాటుకుంటూ వెళ్ళి మార్క్ మార్కెజ్‌ని కూడా దాటేసి లీడ్‌లోకి వచ్చాడు! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గదిలో ఒక్కణ్ణే, నెత్తిన హెల్మెట్‌తో. (రేసు చూసేటప్పుడు పెట్టుకుంటాను. అందులో తప్పేముంది?)

చివర్లో మార్కెజ్ మళ్ళీ ముందుకు వెళ్ళిపోయాడు, పోనివ్వండి. రెండు సెకన్ల లోపు తేడాతో మావాడు రెండో స్థానం. పోడియం ఎక్కాడు. నేను ఆ ఫొటో డీపీగా పెట్టాను. పరామర్శించిన వాళ్ళందరికీ పేరుపేరునా జవాబిచ్చాను. తర్వాత ఫోన్ పక్కన పడేసి, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

లేచేసరికి ఒకే ఒక్క మెసేజ్. "మామా, మీవాడి టైర్లో గాలి లేదంట. నీ టైర్లో ఉందా?"

పదహారు సెకన్ల పెనాల్టీ. రెండు నుంచి పద్నాలుగు.

అయ్యా, రూల్ నాకు తెలియక కాదు. ముందు టైర్లో గాలి ఒత్తిడి కనీసం 1.8 బార్ ఉండాలి. మెయిన్ రేసులో 60 శాతం ల్యాప్‌లు, స్ప్రింట్ అనే పొట్టి రేసులో 30 శాతం ల్యాప్‌లు ఆ గీతకి పైనే ఉండాలి. తగ్గితే మెయిన్ రేసులో 16 సెకన్లు, స్ప్రింట్‌లో 8. గాలి మరీ తక్కువైతే టైర్ పక్కలు నలిగి, లోపల వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉందనీ, రైడర్ క్షేమం కోసమే ఇదంతా అనీ అంటారు. ఒప్పుకున్నాను. ఆ వేగంలో ముందు టైర్ పోతే ఏమవుతుందో ఊహించుకోవడం కూడా నాకు ఇష్టం లేదు.

నా బాధ వేరు. ఆ గాలి ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది? ఎవరి వెనకైనా అంటుకుని పోతుంటే ఆ బండి వేడంతా మన ముందు టైర్ మీదికి కొడుతుంది, ప్రెషర్ పెరుగుతుంది. మరీ పెరిగితే టైర్ ఉబ్బి, రోడ్డుని పట్టుకునే చోటు తగ్గి, బ్రేక్ వేయగానే ముందు చక్రం జారుతుంది. ఇక దాటడం ఎలా? ఎలాగో తెగించి దాటాడే అనుకోండి, ఎదురుగా ఎవరూ లేరు, చల్లగాలి. టైర్ చల్లబడుతుంది, ప్రెషర్ గీత కిందికి జారుతుంది. అప్పుడు తమరు నిద్ర లేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో చిన్నప్పుడు ఎంత చెప్పినా నాకు తలకెక్కలేదు, తమరి దయవల్ల ఇన్నాళ్ళకి తెలిసింది.

పైగా రేసు మధ్యలో ఆపి గాలి కొట్టుకునే వీలు లేదు. మెకానిక్ ముందే జాతకం చెప్పాలి: మావాడు గుంపులో ఇరుక్కుంటాడా, ముందుకి దూసుకుపోతాడా? ఇరుక్కుంటాడని తక్కువ గాలి పెట్టాక వాడు అనుకున్న దానికన్నా బాగా నడిపితే అదే నేరం. ఇంకో ఆటేదైనా చెప్పండి, అనుకున్న దానికంటే బాగా ఆడినందుకు పన్నెండు స్థానాలు కిందికి తోసేది!

మార్చిలో థాయ్‌లాండ్‌లోని బురిరామ్‌లో మీ మహిమ ఇంకో రకంగా చూశాను. లీడ్‌లో ఉన్న మార్క్ మార్కెజ్ ఏడో ల్యాప్‌లో ఉన్నట్టుండి వేగం తగ్గించి తమ్ముడు అలెక్స్‌ని ముందుకి పంపించాడు. బండి చెడిపోయిందేమో అనుకున్నాను. (కాస్త సంతోషించాను కూడా, దాచడం ఎందుకు.) తీరా చూస్తే ప్రెషర్ పెంచుకోవడం కోసమట! తమ్ముడి వెనక వేడిలో చాలా ల్యాప్‌లు బుద్ధిగా తిరిగి, రేసు చివర్లో దాటేసి గెలిచాడు. లోకంలో అందరూ బండి ఆపి గాలి పట్టిస్తారు. వీళ్ళు మూడొందల కిలోమీటర్ల వేగంలో సొంత తమ్ముడి చేత పట్టించుకుంటున్నారు. దీన్ని రేసింగ్ అని పిలవడానికి నాకు నోరు రావడం లేదు.

మీ ఒక్కరినే అనడం అన్యాయం, నిజమే. ట్రాక్ అంచున తొక్కకూడని హద్దుగా ఉండే ఆకుపచ్చ రంగు వారు కూడా తక్కువ తినలేదు. 2021లో ఇటలీలోని ముజెల్లోలో చివరి ల్యాప్‌లో ఆ పచ్చరంగు తొక్కాడని ఒలివెయిరా అనే రైడర్‌ని రెండు నుంచి మూడుకి దించారు, కాసేపటికి మూడోవాడు మిర్ కూడా తొక్కాడని తేలి మళ్ళీ ఎవరి చోట వాళ్ళని కూర్చోబెట్టారు. ఇక తప్పు చేసినవాణ్ణి చుట్టూ తిప్పి పంపే లాంగ్ ల్యాప్ అనే ఆ పక్కదారి సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను. కానీ వాళ్ళ తప్పులు కనీసం కంటికి కనబడతాయి. రంగు తొక్కితే నేనే టీవీ ముందు "తొక్కాడు తొక్కాడు" అని అరుస్తాను. మీ తప్పు కనబడదు, వినబడదు. వేలెడంత లేని మీరు చక్రంలో కూర్చుని లెక్కలు రాసుకుని, అందరూ చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోయాక బయటపెడతారు.

2023లో స్పెయిన్‌లోని వలెన్సియా రేసు మర్చిపోయాననుకుంటున్నారా? వారం ముందే ఇదే లుసైల్‌లో మొదటి విజయం కొట్టిన రైడర్ డి జియానాంటోనియోని రెండు నుంచి నాలుగుకి తోశారు. అప్పట్లో మీ రేటు 3 సెకన్లు. ఇప్పుడు 16. ఏం పెరిగిందని పెంచావు?

అవును, నువ్వే. ఇంక మీరూ గారూ నా వల్ల కాదు. వాడు ప్రాణాలకి తెగించి నడిపాడు, నువ్వు రాత్రిపూట దొంగలెక్కలు రాశావు. తప్పు జరిగితే అప్పుడే చెప్పొచ్చుగా! ల్యాప్ ల్యాప్‌కీ ఆ ప్రెషర్ ఎంతో తెర మీద వేయి, మేమూ చూస్తాం. వాడి ప్రెషర్ తక్కువుందని తెలిస్తే నేనూ ఆ రెండో స్థానం మీద ఆశ పెట్టుకోను కదా. డీపీ మార్చను కదా. నలభై మంది ఉన్న గ్రూపులో "ఇక మీ నోళ్ళు మూసుకోండి" అని రాయను కదా!

...సరే.

ఒక్క విషయంలో నీకు రుణపడి ఉన్నాను, అది కూడా చెప్పకపోతే పాపం తగులుతుంది. 2024లో స్పెయిన్‌లోని హెరెస్ స్ప్రింట్. క్వార్టరారో మూడోవాడిగా వచ్చాడు, నువ్వు 8 సెకన్లు వేశావు, ఆ మూడో స్థానం డాని పెడ్రోసాకి దక్కింది. ఎప్పుడో 2018లో రిటైరై, వైల్డ్‌కార్డ్‌గా, అంటే ఆ రేసుకి మాత్రం అతిథిగా వచ్చిన 38 ఏళ్ళ పెడ్రోసాకి! ఆ రోజు నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. "రూల్ అంటే రూల్, అందరికీ ఒకటే" అని గ్రూపులో ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఇవాళ పొద్దున్నే ఎవడో అది వెతికి పట్టుకుని మళ్ళీ పోస్ట్ చేశాడు.

2027 నుంచి ఇంజన్లు 850 సీసీ అట, టైర్లు పిరెల్లీవి అట, బండి ఎత్తుని కిందికి దించే ఆ రైడ్ హైట్ పరికరాలూ ఉండవట. అన్నీ పోతాయంటున్నారు, నీ సంగతి మాత్రం నా చెవిన పడలేదు.

ఇంతవరకూ రాసి, కోపం దిగడం కోసం బండి తీసుకుని బయటికి వెళ్ళాను. నేను గాలి చూసే పద్ధతి నీకు తెలియదు: బూటుతో ఒక తన్ను, బొటనవేలితో ఒక నొక్కు. పన్నెండేళ్ళ అనుభవం. రెండో మలుపులోనే హ్యాండిల్ బరువుగా తిరిగింది, ముందు చక్రం ఎటో పోతానంది. ఆపి, సీటు కింద ఎప్పటినుంచో పడి ఉన్న గేజ్ తీసి పెట్టాను. బండి మీద స్టిక్కర్ చెప్పిన దానికి పది పీఎస్ఐ తక్కువ.

ఇంటిదాకా నెట్టుకుంటూ వచ్చాను. పదహారు సెకన్ల కన్నా చాలా ఎక్కువే పట్టింది. ఈ సంగతి గ్రూపులో చెప్పకు. నీకు చెప్పే అలవాటు ఉందని తెలుసు, కానీ మామూలుగా ఆలస్యంగా చెప్తావు కదా, ఆ ఆలస్యం ఈసారి కాస్త పొడిగించు.

ఇట్లు,
పద్నాలుగో స్థానం నుంచి,
నీ విధేయుడు

తా.క.: డీపీ మార్చలేదు.